అసాధారణుడికే వైద్యమా? - స్థూలకాయ శస్త్రచికిత్సపై కోర్టు తగాదాలు

ప్రభుత్వ ఖజానాలోంచి ఏ రోగానికి ఎంత ఖర్చు పెట్టాలి అన్నది వైద్యులూ, అధికారులూ, ఆర్థిక నిపుణులూ తేల్చుకోవలసిన సంగతనీ, అందులో సాహిత్యకారుడికి పని లేదనీ ఒక అభిప్రాయం ఉంది. ఈ అభిప్రాయం సరయినది కాదు. ఆ తగాదా కోర్టుకెక్కిన తరువాత, మనిషి కథను ఎలా చెప్పాలి, ఆ కథలో ఏ సంగతి లెక్కకు వస్తుంది, ఏది రాదు అనే తగాదాగా మారుతుంది. రోగి తన జీవితాన్ని కాగితం మీద పెట్టుకోవాలి. దాన్ని చదివేది ఒక అధికార సంఘం. అందులో ఏ వాక్యాలను లెక్కలోకి తీసుకోవాలో, వేటిని పక్కన పెట్టాలో ఆ సంఘం ముందే నిర్ణయించుకుని ఉంటుంది.

బరువు తగ్గించే శస్త్రచికిత్సకు ప్రజాధనం ఇవ్వడంపై ఇంగ్లండులో 2011లో వచ్చిన తీర్పు ఇందుకు మంచి ఉదాహరణ. దాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు మూడు సంగతులు తెలియాలి. ఆ చికిత్స ఏమిటి? దానికి అర్హతను నిర్ణయించే అంకె ఎక్కడినుంచి వచ్చింది? ఇంగ్లండు ప్రజారోగ్య వ్యవస్థలో రోగికి ఉన్న హక్కు ఎంత?

చికిత్స, కొలత

ఈ శస్త్రచికిత్సలో పద్ధతులు కొన్ని ఉన్నాయి. ఒక పద్ధతిలో జీర్ణాశయంలో పెద్ద భాగాన్ని కోసి తీసేసి, సన్నని గొట్టంలా మిగులుస్తారు. మరో పద్ధతిలో జీర్ణాశయం పైభాగాన్ని చిన్న సంచిగా చేసి, దాన్ని నేరుగా చిన్నపేగు దిగువభాగానికి కలుపుతారు. తినగలిగే తిండి తగ్గుతుంది, ఆకలిని నడిపే హార్మోన్లు కూడా మారతాయి. చాలామందిలో మధుమేహం అదుపులోకి వస్తుంది. ఇది అందం కోసం చేయించుకునే కోత కాదు. అలాగని ప్రమాదం లేని పనీ కాదు. చేయించుకున్నవాళ్లు జీవితాంతం విటమిన్లు వాడుతూ, పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి.

దీనికి ఎవరు అర్హులో చెప్పేది బాడీ మాస్ ఇండెక్స్, అంటే బి.ఎం.ఐ. అనే అంకె. కిలోలలో బరువును, మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వస్తుంది. 1 మీటరు 70 సెంటీమీటర్ల ఎత్తు, 115.6 కిలోల బరువు ఉన్న మనిషి బి.ఎం.ఐ. 40. ఈ లెక్క వెనుక ఉన్నవాడు అడాల్ఫ్ కెట్లే అనే బెల్జియం గణాంక శాస్త్రజ్ఞుడు. 1835లో వెలువడిన ఆయన గ్రంథానికి కేంద్రం 'సగటు మనిషి'. వేలమంది కొలతలు తీసి, వాటి మధ్యలో ఉండే మనిషిని ఊహించడం ఆయన పద్ధతి. బాడీ మాస్ ఇండెక్స్ అనే పేరు మాత్రం 1972లో అమెరికాకు చెందిన ఆన్సెల్ కీస్, ఆయన సహచరులూ పెట్టారు. జనసమూహాలను పోల్చడానికి పనికివచ్చే సులువైన కొలతగానే వాళ్లు దాన్ని సూచించారు. సమూహాన్ని చదవడానికి పుట్టిన అంకె ఒక్కొక్క మనిషి ముందు తలుపుగా నిలబడింది. మన కథ మొదలయ్యేది ఆ తలుపు దగ్గరే.

ఇంగ్లండులో చికిత్సల విలువను మదింపు వేసే జాతీయ సంస్థ ఒకటి 1999లో ఏర్పడింది. దాన్ని నైస్ అని పిలుస్తారు. 2006 డిసెంబరులో అది ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం బి.ఎం.ఐ. 40, ఆపై ఉన్నవారికి, లేదా 35 నుంచి 40 మధ్య ఉండి మధుమేహం, రక్తపోటు వంటి జబ్బులున్నవారికి ఈ శస్త్రచికిత్స చేయవచ్చు. ముందు మిగతా మార్గాలన్నీ ప్రయత్నించి ఉండాలి. అదే మార్గదర్శకంలో 50 అనే అంకె కూడా ఉంది. అయితే దాని పని వేరు. 50 దాటినవారికి మిగతా మార్గాలు ప్రయత్నించే వరకు ఆగకుండా, మొదటే శస్త్రచికిత్సను పరిశీలించవచ్చునని దాని అర్థం.

హక్కు ఎంతవరకు?

1948 జూలై 5న బ్రిటన్‌లో జాతీయ ఆరోగ్య సేవ మొదలయింది. అవసరాన్ని బట్టి వైద్యం, డబ్బును బట్టి కాదు అన్నది దాని మూలసూత్రం. దాన్ని నిర్మించిన మంత్రి అన్యూరిన్ బెవన్, కళ్లద్దాలకూ కట్టుడుపళ్లకూ రోగుల దగ్గర డబ్బు వసూలు చేయాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు 1951లో పదవికి రాజీనామా ఇచ్చాడు. సూత్రానికీ ఖజానాకూ మధ్య పేచీ అంత తొందరగా మొదలయిందన్నమాట.

చట్టం ప్రభుత్వానికి విధించిన బాధ్యత సమగ్రమైన ఆరోగ్య సేవను పెంపొందించడం. ఫలానా రోగికి ఫలానా చికిత్స ఇచ్చి తీరాలని కాదు. ఈ తేడా 1980లో తేటతెల్లమయింది. ఎముకల శస్త్రచికిత్స కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన బర్మింగ్‌హామ్ ప్రాంతపు రోగులు కోర్టుకు వెళ్తే, ఉన్న వనరుల మేరకే మంత్రి బాధ్యత అని అప్పీలు కోర్టు తేల్చింది. అప్పటినుంచి అక్కడి రోగి అడగగలిగిన ప్రశ్న ఒక్కటే: 'నాకు వైద్యం ఇవ్వకూడదని మీరు తీసుకున్న నిర్ణయం తీరు న్యాయంగా ఉందా?' ఇవ్వాలా వద్దా అన్నది కోర్టు తేల్చదు, నిర్ణయించిన పద్ధతిని మాత్రమే పరిశీలిస్తుంది.

ఈ పద్ధతి పరిశీలనలోంచి పుట్టినదే 'అసాధారణత' అనే మాట. స్థానిక ఆరోగ్య సంస్థ ఒక చికిత్సకు సాధారణంగా డబ్బు ఇవ్వబోమని విధానం పెట్టుకోవచ్చు. కాని తలుపు పూర్తిగా మూసేయకూడదు, అసాధారణ పరిస్థితిలో ఉన్నవారి అర్జీని నిజంగా పరిశీలించాలి. లింగమార్పిడి చికిత్స నిరాకరించిన వాయవ్య లాంకషైర్ సంస్థ విషయంలో అప్పీలు కోర్టు 1999లో ఈ సంగతే చెప్పింది. మినహాయింపు ఉందని కాగితం మీద రాసి, ఆచరణలో ఎవరికీ దొరక్కుండా చేస్తే ఆ విధానం చెల్లదంది. 2006లో స్విండన్ సంస్థ రొమ్ము కేన్సరు మందు హెర్సెప్టిన్ నిరాకరించిన కేసులో కోర్టు మరో అడుగు వేసింది. తనకు డబ్బు సమస్య కాదని ఆ సంస్థే చెప్పుకుంది. డబ్బు సమస్య కానప్పుడు, ఒకే జబ్బు, ఒకే దశలో ఉన్న స్త్రీలలో ఒకరిని ఎంచి మరొకరిని కాదనడానికి ఆధారమేమిటని కోర్టు అడిగింది. ఆ విధానాన్ని కొట్టేసింది. అదే తీర్పులో ఒక మాట ఉంది. డబ్బు నిజంగా చాలనప్పుడు, వికలాంగుడైన బిడ్డను సాకుతున్న తల్లి వంటివారిని వేరుగా చూడడం హేతుబద్ధమే కావచ్చు అన్నారు. అంటే మనిషి ఇంటి పరిస్థితి కూడా కథలో భాగం కావచ్చునన్నమాట. ఈ మాటను గుర్తుపెట్టుకోవాలి. అయిదేళ్ల తరువాత తగాదా దీని చుట్టూనే తిరిగింది.

2011 తీర్పు

ఉత్తర స్టాఫర్డ్‌షైర్ ప్రైమరీ కేర్ ట్రస్టు ఈ శస్త్రచికిత్సకు పెట్టుకున్న హద్దు బి.ఎం.ఐ. 50. జాతీయ మార్గదర్శకం 40 అంటుంటే ఇది 50 ఎలా అయింది? నైస్ చేసే పనులు రెండు రకాలు. ఒక మందునో చికిత్సనో మదింపు వేసి సిఫారసు చేస్తే, స్థానిక సంస్థ దానికి డబ్బు ఇచ్చి తీరాలి. మార్గదర్శకానికి ఆ బలం లేదు. దాన్ని పరిగణించాలే గాని, తుచ తప్పకుండా పాటించాలని లేదు. తన దగ్గరున్న డబ్బుతో అందరికీ చేయించలేనని లెక్క వేసుకున్న ట్రస్టు హద్దును పైకి జరిపింది. ఇంతకుముందు చెప్పుకున్న 1.70 మీటర్ల మనిషి లెక్కలో, 115.6 కిలోల దగ్గర తెరుచుకోవలసిన తలుపు 144.5 కిలోల దగ్గరికి పోయింది. రోగి బాగుపడాలంటే ముందు ఇంకో 29 కిలోలు చెడిపోవాలి.

అర్జీదారు మధుమేహ రోగి, ఆయన బి.ఎం.ఐ. 43. జాతీయ మార్గదర్శకం ప్రకారం అర్హుడు, తన ఊళ్లో అనర్హుడు. కాబట్టి ఆయనకు మిగిలింది అసాధారణత దారి. వ్యక్తిగత అర్జీ పెట్టుకున్నాడు. అయితే ట్రస్టు నియమం ఒకటుంది. అర్జీలో వైద్యపరమైన కారణాలే లెక్కలోకి వస్తాయి, సామాజిక కారణాలు రావు. మనిషి ఇల్లు, కుటుంబం, రోజు గడిచే తీరు, ఎవరి మీద ఆధారపడ్డాడు, ఎవరు అతని మీద ఆధారపడ్డారు అన్నవి చూడరు. కోర్టు ముందు ప్రధానంగా నడిచిన వాదం 50 అనే అంకె మీద కాదు, ఈ నియమం మీద. మనిషి వ్యక్తిగత, కుటుంబ జీవితాన్ని గౌరవించాలని యూరోపియన్ మానవ హక్కుల ఒప్పందం 8వ అధికరణం చెబుతుండగా, ఆ జీవితాన్ని అర్జీలోంచి కొట్టేయడం ఎలా చెల్లుతుందని ఆయన న్యాయవాదులు అడిగారు.

2011 ఏప్రిల్‌లో హైకోర్టు ఆయన వాదనను తోసిపుచ్చింది. జూలైలో అప్పీలు కోర్టు కూడా తోసిపుచ్చింది. ప్రధాన తీర్పు రాసిన న్యాయమూర్తి టూల్సన్. కొరతగా ఉన్న డబ్బును పంచేటప్పుడు ఫలానా చికిత్స ఇచ్చి తీరాలనే బాధ్యతను 8వ అధికరణం మోపదనీ, సామాజిక కారణాలను పక్కనపెట్టడం వెనుక సమానత్వమనే సమంజసమైన ఉద్దేశం ఉందనీ కోర్టు చెప్పింది.

ఈ తీర్పును హృదయం లేనిదని ఒక్క మాటలో కొట్టిపారేయడం తేలిక. కాని ట్రస్టు వాదంలో బలం ఉంది, దాన్ని నిజాయితీగా చూడాలి. సామాజిక కారణాలు లెక్కలోకి వస్తే ఏమవుతుంది? పిల్లలున్నవాడికి ముందు, ఒంటరివాడికి తరువాత. ఉద్యోగికి ముందు, నిరుద్యోగికి తరువాత. తన బాధను చక్కగా రాసుకోగలిగిన చదువరికి ముందు, సంతకం తప్ప రానివాడికి తరువాత. ఏ జీవితం విలువైనదో తూచే పని గుమాస్తా చేతికి వస్తుంది. ఆ తక్కెడలో పేదవాడు ఎప్పుడూ తేలిపోతాడు. జబ్బును మాత్రమే చూస్తాం, మనిషి హోదాను చూడం అన్న నియమం ఒకరకంగా ఆ తక్కెడ నుంచి కాపాడే కంచె.

అయితే ఆ కంచె ఎక్కడ వేశారో కూడా చూడాలి. స్థూలకాయం సమాజంతో నిమిత్తం లేకుండా ఒంటిలో పుట్టే జబ్బు కాదు. ఇంగ్లండులో ఏటా పాఠశాల పిల్లల బరువు కొలుస్తారు. అత్యంత పేద ప్రాంతాల పిల్లల్లో స్థూలకాయం, సంపన్న ప్రాంతాల పిల్లల్లో ఉన్నదానికి రెట్టింపు పైన ఉంది. చవకగా కడుపు నింపే తిండి, షిఫ్టు పనులు, నడవడానికి చోటులేని వీధులు ఇందులో ఉన్నాయి. జబ్బును పెంచిన కారణాలు సామాజికమైనవి. చికిత్స అడిగేటప్పుడు మాత్రం సామాజిక సంగతులు చెప్పకూడదు! అందరికీ ఒకే నియమం అన్నమాట నిజమే. కాని హద్దు 50 దగ్గర ఉన్నప్పుడు, సొంత డబ్బుతో ప్రైవేటు ఆసుపత్రికి పోగలిగినవాడిని ఆ నియమం తాకనే తాకదు.

ప్రాతినిధ్యం, అసాధారణత

ఇక్కడే సాహిత్య విద్యార్థికి బాగా పరిచయమున్న ఒక చర్చ ముందుకు వస్తుంది. 1888లో ఎంగెల్స్ మార్గరెట్ హార్క్‌నెస్ అనే రచయిత్రికి రాసిన ఉత్తరంలో వాస్తవికతను గురించి చెబుతూ, ప్రాతినిధ్య పాత్రలను ప్రాతినిధ్య పరిస్థితుల్లో చిత్రించడాన్ని ప్రస్తావించాడు. తరువాత లూకాచ్ దీన్ని విస్తరించి, ప్రాతినిధ్య పాత్ర వేరు, సగటు మనిషి వేరు అని వివరించాడు. మన గిరీశాన్నే తీసుకోండి. అతను సగటు మనిషి కాడు, అలాంటివాడు వీధికొకడు ఉండడు. అయినా ఒక కాలపు సంఘం మొత్తం అతనిలోంచి మాట్లాడుతుంది. వ్యక్తి ఎంత ప్రత్యేకంగా ఉంటే అంత లోతుగా తనలాంటి పదిమందిని చూపగలగడమే ప్రాతినిధ్యం.

ఇంగ్లండు అర్జీ ఫారం అడిగేది సరిగ్గా దీనికి వ్యతిరేకమైనది. 'నీలాంటివాళ్లు ఎంతమంది?' అని అది అడుగుతుంది. చాలామంది అన్నావా, ఓడిపోయావు. మధుమేహం, కీళ్లనొప్పి, ఊపిరి అందక నిద్రపట్టకపోవడం అన్నీ 43 ఉన్న మిగతావాళ్లకూ ఉన్నవే, కనుక నువ్వు అసాధారణుడివి కావు. బాధ ఎంత ఎక్కువమందిదయితే ఒక్కొక్కరి అర్జీ అంత బలహీనపడుతుంది. రోగి గెలవాలంటే తన తోటి రోగుల నుంచి తనను తాను విడదీసుకోవాలి, తాను వాళ్ల ప్రతినిధిని కానని రుజువు చేసుకోవాలి. ఆ విడదీసుకునే క్రమంలో అతన్ని నిజంగా వేరుచేసే సంగతులు, అంటే అతని ఇల్లూ, మనుషులూ, పనీ, ముందే కొట్టివేసి ఉంటాయి. సగటు మనిషి లెక్కతో తలుపు మూసి, అసాధారణుడైతే రమ్మని, అసాధారణుణ్ణి చేసే జీవితం మాత్రం చెప్పవద్దనే ఫారం అది. ఇది ఒక గుమాస్తా దుర్మార్గం వల్ల జరగలేదు. చాలని డబ్బును ఒక్కొక్కరి అర్జీ ద్వారా పంచాలనుకున్నప్పుడు ఏర్పడే రూపమే ఇది. తన హక్కును అందరితో కలిసి అడగడానికి ఆ రూపంలో చోటు లేదు.

మిగతా దేశాల్లో

మరోచోట మరో పాత్ర వేయమంటారు. జర్మనీలో ఆరోగ్యబీమా చట్టం రోగికి వ్యక్తిగత హక్కు ఇస్తుంది. అక్కడి ఫెడరల్ సామాజిక న్యాయస్థానం 2003 ఫిబ్రవరి 19న ఇచ్చిన తీర్పులో, చికిత్స అవసరమైనంత స్థూలకాయం చట్టం దృష్టిలో జబ్బే అని ఒప్పుకుంది. కాని కోసేది ఆరోగ్యంగా ఉన్న జీర్ణాశయాన్ని గనుక ప్రత్యేకమైన సమర్థన ఉండాలి, ఈ శస్త్రచికిత్స ఆఖరి మార్గం కావాలి అంది. దానితో అక్కడి తగాదాలు రోగి పట్టుదల మీదికి మళ్లాయి. పథ్యం చేశావా, ఎన్ని నెలలు చేశావు, వ్యాయామానికి రుజువు ఏది? ఇంగ్లండు రోగి అసాధారణుడు కావాలి, జర్మనీ రోగి బుద్ధిమంతుడు కావాలి.

అమెరికాలో వృద్ధులకూ వికలాంగులకూ వర్తించే మెడికేర్ పథకంలో తగాదా ఒక పదం చుట్టూ నడిచింది. స్థూలకాయం జబ్బు కాదన్న వాక్యం దాని నిబంధనల్లో 2004 దాకా ఉంది. ఆ ఏడు దాన్ని తీసేశారు. 2006 ఫిబ్రవరిలో బి.ఎం.ఐ. 35, ఆపై ఉండి తోడు జబ్బులున్నవారికి శస్త్రచికిత్స ఖర్చు ఇస్తామన్నారు. ఒక్క వాక్యం తొలగితే గాని డబ్బు మాట మొదలు కాలేదు.

మన దేశంలో ఈ శస్త్రచికిత్స మీద కాకపోయినా, ఇదే సూత్రం మీద సుప్రీంకోర్టు మాట్లాడింది. రైలు నుంచి పడిన కూలీని మంచాలు లేవంటూ ఆసుపత్రులు తిప్పిపంపిన పశ్చిమ బెంగాల్ కేసులో 1996లో, అత్యవసర వైద్యం అందించకపోవడం 21వ అధికరణాన్ని ఉల్లంఘించడమేననీ, డబ్బు లేదన్నది సాకు కాదనీ చెప్పింది. రెండేళ్లకు, 1998లో, పంజాబు ప్రభుత్వోద్యోగుల వైద్య ఖర్చుల కేసులో ఏ రాజ్యం దగ్గరా అంతులేని వనరులు ఉండవనీ, ప్రభుత్వం హద్దు పెట్టుకోవచ్చుననీ చెప్పింది. ఈ రెండు తీర్పుల మధ్య ఉన్న ఖాళీలోనే మన రోగి నిలబడి ఉన్నాడు.

ఆ తరువాత

ఇంగ్లండులో 2013లో ఆ ట్రస్టులు రద్దయ్యాయి. ఇప్పుడు ఆ పని 2022లో ఏర్పడిన సమీకృత ఆరోగ్య బోర్డులది. అసాధారణత అర్జీ మాత్రం పోలేదు. నైస్ 2023లో తన మార్గదర్శకాన్ని సవరించి, దక్షిణాసియా మూలాలున్నవారితో సహా కొన్ని జాతులవారికి హద్దును 2.5 తగ్గించింది. తక్కువ బరువుకే వారికి మధుమేహం ముప్పు ఎక్కువ కావడమే దీనికి కారణం. అక్కడ స్థిరపడిన తెలుగువాళ్లకూ ఇది వర్తిస్తుంది. బెల్జియం కొలతల్లోంచి పుట్టిన అంకె అందరి ఒంటికీ ఒకే అర్థం చెప్పదని ఆ సంస్థే ఒప్పుకున్నట్టయింది.

ఇప్పుడు తగాదా కత్తి నుంచి సూదికి మారుతున్నది. బరువు తగ్గించే టిర్జెపటైడ్ అనే ఇంజెక్షనును నైస్ 2024 డిసెంబరులో సిఫారసు చేసింది. ఇది మార్గదర్శకం కాదు, డబ్బు ఇచ్చి తీరవలసిన సిఫారసు. మామూలుగా మూడు నెలల్లో అమలు కావాలి. అర్హులు లక్షల్లో ఉండేసరికి అమలును 12 ఏళ్ల వరకూ సాగదీయడానికి ఒప్పుకున్నారు. మొదటి మూడేళ్లలో అందేది సుమారు 2,20,000 మందికి. హక్కు కాదనలేనప్పుడు క్యూ పెడతారన్నమాట.

రచయితకు ఇందులో పని రెండు విధాలు. మొదటిది మన సొంత అలవాటును చూసుకోవడం. అభ్యుదయ కథల్లో, కార్టూన్లలో బానపొట్ట దోపిడీదారు గుర్తుగా స్థిరపడింది. సినిమాల్లో అది నవ్వులాట. ఒకప్పటి ఆకలి సమాజంలో ఆ గుర్తుకు ఆధారం ఉంది. పేదరికమే స్థూలకాయాన్ని పెంచే చోట అదే గుర్తు బాధితుణ్ణి ముద్దాయిని చేస్తుంది. తిని పెరిగినవాడికి ప్రజల డబ్బెందుకు అన్న మాటకు ఆ గుర్తు బలమిస్తుంది. మూసబొమ్మను పాత్ర అనుకోవడం వల్ల వచ్చే నష్టం ఇది.

రెండవది కోర్టు కాగితాన్ని చదవడం నేర్చుకోవడం. విశాఖపట్నంలో వకీలుగా పనిచేసిన రావిశాస్త్రి 'ఆరు సారా కథలు' రాసినప్పుడు, చట్టం బీదవాడి బతుకును కేసుగా ఎలా మారుస్తుందో దగ్గరనుంచి చూసి రాశాడు. వైద్య నిధుల తగాదాలో మారే తీరు వేరు. ఇక్కడ పోలీసు లేడు, దొంగసాక్షి లేడు, అందరూ మర్యాదస్తులు, నియమం సమానత్వం పేరుతో నడుస్తుంది. ఫారంలో కొట్టేసిన భాగం ఏది, ఎందుకు కొట్టేశారు, ఆ కొట్టివేతకు చెప్పిన కారణంలో నిజమెంత అని విడమరచి చూపడం ఆ తీర్పు పని కాదు. తనలాంటివాళ్లు ఎందరో ఉన్నారన్న సంగతి అర్జీదారుణ్ణి కోర్టులో ఓడించింది. కథలోనూ నవలలోనూ ఆ సంగతే అతని బలం కావాలి.